మంచి పిల్లే ముందు పోతది

పోయిన ఎండాకాలం కడుపులో నొప్పి అంటే మా నాయినను స్కానింగ్‌కు తీసుకుపోయాను. చొక్కా పైకి జరిపి, పొట్ట మీద చల్లటి జెల్లు రాసి, అరచేతిలో పట్టే పరికరాన్ని అటూ ఇటూ జరుపుతున్నాడు అక్కడి అబ్బాయి. నాయినకు నొప్పి సంగతి గుర్తున్నట్టు లేదు. తెర మీదనే కన్ను. కార్జం ఏది, కొవ్వు ఏది, కండ ఏది అని అడుగుతూనే ఉన్నాడు. ఆ పిల్లగాడు ఓపికగానే చూపించాడు. ఆఖరికి నాయిన ఇంకో మాట అడిగాడు.

"గిది పొట్టేలు నడుము మీద పెడితే కండ ఎంత మందమున్నదో కనపడ్తదా బిడ్డా?"

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. "గొర్లకు స్కానింగేంది తాతా, కోస్తే తెల్వదా!" అన్నాడు ఆ అబ్బాయి. నాయిన కూడా నవ్వాడు, మొహమాటానికి. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ, "కోసినంక తెలిస్తే ఏం లాభంరా" అన్నాడు నాతో.

ఆ ఒక్క వాక్యం మీదనే ఈ వ్యాసమంతా. ఎందుకంటే నాయిన అడిగింది నవ్వాల్సిన ప్రశ్న కాదు. గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మనుషుల కడుపులోకి శబ్ద తరంగాలతో చూసి ఆ సంగతి అచ్చు వేసింది 1958లో. గొర్రె చూడిదో కాదో అవే తరంగాలతో కనిపెట్టవచ్చన్న పరిశోధన 1966లో అచ్చయింది. మధ్య ఎనిమిదేళ్ళే. మా మూడు జిల్లాల్లోని స్కానింగ్ గదుల్లో మాత్రం ఆ మాట ఇంకా నవ్వులాటే.

మూడు జిల్లాలని ఎందుకన్నానంటే, 2016 అక్టోబర్ 11న పాత వరంగల్లును పంచినప్పుడు మా ఇంటిని కూడా పంచారు. మా ఊరు దేవరుప్పుల పక్కన, జనగామ జిల్లాకు పోయింది. నేను పంతులుగా పనిచేసేది మానుకోటలో, కాగితాల మీద మహబూబాబాద్. అక్కను ఇచ్చింది భూపాలపల్లి వైపు, బావది బొగ్గుబావిలో కొలువు, బావ తమ్ముళ్ళవి గొర్లు. మూడు చోట్లా నేల వేరు. జనగామవి నీళ్ళు నిలవని బోడి గడ్డలు, మానుకోటవి మిరప చేలు, తండాలు, భూపాలపల్లిది గోదారి దాకా అడవి. గొర్ల గురించి మాట్లాడే మాట మాత్రం మూడు చోట్లా ఒకటే: "ఎన్ని ఉన్నయి?" ఎట్లాంటివి అని ఎవరూ అడగరు.

నాయిన విత్తనపు పొట్టేలును ఎంచే తీరు చెప్తాను. ముందు పిల్లను చూడడు, దాని తల్లిని చూస్తాడు. ఎన్ని ఈతలు ఈనింది, ఎన్ని పిల్లలను నిలబెట్టింది, పాలు ఆఖరుదాకా నిలిచాయా, కరువులో బక్కచిక్కి మళ్ళీ ఎంత తొందరగా తేరుకుంది. ఇవన్నీ ఆయన తలలోనే ఉంటాయి. మందలో డెబ్బై ఉంటే డెబ్బైకీ పేర్లు. కర్రెది, చుక్కది, బొల్లిది, చెవుల్లేనిది. చెవుల్లేనిదాని మనవరాలి పిల్ల అంటే, నాకు మూడు తరాలు లెక్కపెట్టుకోవాలి, ఆయనకు అక్కర్లేదు. తల్లి నచ్చితే అప్పుడు పిల్లను రెండు మోకాళ్ళ నడుమ ఇరికించుకుని, ఆఖరి పక్కబొక్క దాటిన చోట నడుము మీద అరచెయ్యి పరుస్తాడు. బొటనవేలు వెన్నుకు ఒక పక్క, నాలుగు వేళ్ళు ఇంకో పక్క. వెన్నుపూస కొసలు వేలికి గుచ్చుకుంటున్నాయా, కండ కింద మునిగి ఉన్నాయా? పక్కకు పొడుచుకొచ్చే ఎముక కిందికి వేళ్ళు దూరుతున్నాయా? కళ్ళు మూసుకుని చూస్తాడు. ఆ తర్వాతే దవడ, పండ్లు, గిట్టలు. చివరకు వట్టలు: రెండూ దిగాయా, సమంగా ఉన్నాయా, గట్టిగా ఉన్నాయా.

1961లో ఆస్ట్రేలియాలో జెఫరీస్ అనే ఆయన గొర్రె నడుమును సరిగ్గా ఈ చోటే చేత్తో తడిమి మార్కులు వేసే పద్ధతిని రాసిపెట్టాడు. పశువైద్య పుస్తకాల్లో ఇవాళ అది పాఠం, పరీక్షలో ప్రశ్న. అదే పని నాయిన చేస్తే "అనుభవం" అంటారు. అంటే మర్యాదగా, లెక్కలోకి రానిది అని.

చేతికీ హద్దు ఉంది. అది నాయినే ఒప్పుకుంటాడు. చర్మం కింద మెత్తగా తగిలేది కొవ్వా కండా అన్నది ఒక్కోసారి మోసం చేస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా వేలికి అందదు. పెంపకంలో గెలుపోటములు ఉండేది ఆ రెండు మూడు మిల్లీమీటర్లలోనే. అక్కడికి అల్ట్రాసౌండ్ వస్తుంది. కొవ్వు నుంచి, కండ నుంచి, ఎముక నుంచి శబ్దం ఒక్కో తీరుగా తిరిగొస్తుంది. బ్రిటన్‌లో నడుములోని మూడో పూస దగ్గర పరికరం ఆనించి, అడ్డంగా కోసినట్టు కనిపించే కండ లోతును, దాని మీది కొవ్వు పొరను తెర మీదనే కొలుస్తారు. నిమిషాల పని. నెత్తురు లేదు, మత్తు లేదు. పరికరానికీ చర్మానికీ మధ్య గాలి లేకుండా కాస్త నూనె రాస్తే చాలు. మన నెల్లూరు జాతికి ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే కాబట్టి పని ఇంకా సులువు. మా నల్ల గొర్రెకు, అంటే దక్కనీకి, అరచేయంత జాగాలో బొచ్చు కత్తిరించాలి. కత్తెర మాకు కొత్తా?

ఇంకో మెట్టు పైకి పోతే సీటీ స్కాన్. ఆ మిషను కనిపెట్టినందుకు హౌన్స్‌ఫీల్డ్, కార్మాక్‌లకు నోబెల్ వచ్చింది 1979లో. తర్వాత కొద్ది ఏళ్ళకే నార్వే వాళ్ళు పశువులను అందులో పడుకోబెట్టారు. స్కాట్లండులో అయితే ఆ మిషనును పెద్ద బండిలో బిగించి రైతుల దగ్గరికే తీసుకుపోతారు. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే అందులో పొదుపు ఉంది. మొదట అన్ని పోతు పిల్లలకూ అల్ట్రాసౌండ్ చేస్తారు. వాటిలో పైకి తేలిన కొన్నింటికే సీటీ. కాస్త మత్తిచ్చి, తుంటి దగ్గర ఒకటి, నడుములో ఐదో పూస దగ్గర ఒకటి, వీపులో ఎనిమిదో పూస దగ్గర ఒకటి, మూడు అడ్డకోత చిత్రాలు తీస్తారు. ఒంట్లో మొత్తం కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక ఎంత అన్నది ఆ మూడింటి నుంచే లెక్క తేలుతుంది. మత్తు దిగాక పొట్టేలు లేచి మేతకు పోతుంది.

లేచి మేతకు పోవడమే ఇక్కడ అసలు సంగతి. ఈ మిషన్లు రాకముందు పొట్టేలు లోపల ఏముందో కచ్చితంగా తెలియాలంటే దాని తోబుట్టువులనో పిల్లలనో కోసి తూచాలి. దాన్నే కోస్తే లోపలి సంగతి తెలుస్తుంది, కానీ ఇంక దానికి పిల్లలు పుట్టవు. "కోసినంక తెలిస్తే ఏం లాభం" అని నాయిన చెప్పులు తొడుక్కుంటూ అన్నది, దేశదేశాల శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు తల పట్టుకున్న సమస్యే.

ఇక మా కడుపుమంట.

గొర్ల బేరం జతల మీద నడుస్తుంది. పిల్లలు మూడు నాలుగు నెలలకు రాగానే బేరగాడు దొడ్డి దగ్గరికి వస్తాడు. వాడి చెయ్యి కూడా నాయిన చెయ్యిలాంటిదే, అదే నడుము మీద వాలుతుంది. ఏ పిల్ల తొందరగా ఎదిగింది, ఏది నిండుగా ఉంది అని చూసి వాటినే ముందు పట్టుకుంటాడు. ధర వాటికే. ఇంట్లో అప్పు ఉంటుంది, బడి ఫీజు ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది, కాబట్టి ఇస్తాం. బక్రీదుకు కొన్ని, బోనాలకు కొన్ని, దసరాకు కొన్ని, కొమురవెల్లి మల్లన్నకు కొన్ని. రెండేళ్ళకోసారి మేడారం వచ్చిందంటే చెప్పక్కర్లేదు. ఒక్కో విడతకు మందలోని మేలైన పోతు పిల్లలు వెళ్ళిపోతాయి. మిగిలేది ఎవరు? బేరగాడు చెయ్యి పెట్టి పెదవి విరిచినవాడు. వాడే రేపు మందకు విత్తనం. వాడి పిల్లల్లో మళ్ళీ మంచివి ముందు పోతాయి, మళ్ళీ వెనకబడ్డది మిగులుతుంది.

వరి రైతు ఏ ఊళ్ళోనైనా ఇట్లా చేస్తాడా? నిండు వెన్నులన్నీ మిల్లుకు పంపి, తాలు గింజలు విత్తనానికి దాచుకుంటాడా? చేస్తే ఊరంతా నవ్వుతుంది. గొర్లలో తరతరాలుగా అదే జరుగుతుంటే మాత్రం "మీ గొర్లు ఎదగవు, జాతి మంచిది కాదు" అని మాకే చెప్తారు. జాతిది తప్పు కాదు. మంచి పొట్టేలును నిలబెట్టుకునే సత్తువ మాకు లేదు, దాని విలువను చూపే సాక్ష్యమూ లేదు. అంగడిలో దాని విలువ కిలోల్లో ఉంటుంది. వచ్చే ఏడు అది పుట్టించబోయే పిల్లల్లో ఉన్న విలువకు కాగితం లేదు.

మా మీద డబ్బు పెట్టలేదని అనను. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీలో ఒక్కో లబ్ధిదారుకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. మొత్తం 1,25,000 రూపాయలు, అందులో మా వాటా 31,250. 2021లో దాన్ని 1,75,000 చేశారు, మా వాటా 43,750 అయింది. చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి లారీల్లో దింపారు. 2012 లెక్కల్లో తెలంగాణలో కోటీ 28 లక్షలున్న గొర్లు 2019 లెక్కకు కోటీ 91 లక్షలయ్యాయి. దేశం మొత్తం గొర్లలో నాలుగింట ఒక వంతుకు పైన మావే, మొదటి స్థానం. ఫ్లెక్సీలు కట్టారు, సంతోషమే. కానీ ఆ ఇరవై పక్కన రాసిన "ఒకటి" గురించి ఎవరైనా ఒక్క పేజీ రాశారా? ఇరవై గొర్రెలు ఇరవై తల్లుల రక్తం. పుట్టే ప్రతి పిల్లలోనూ సగం మాత్రం ఆ ఒక్కడిదే. వాడి ఆడపిల్లలను మందలో నిలుపుకుంటే రెండు మూడేళ్ళలో మంద ముఖమే మారుతుంది, పైకైనా కిందికైనా. మందలో అందరికన్నా ఎక్కువ చూసి, తడిమి, కొలిచి తేవాల్సింది వాణ్ణి. ఇరవైతో పాటు లారీ ఎక్కించడానికి వాడు కొసరా?

చెవి పోగుల సంగతి ఇంకా చిత్రం. ఇన్సూరెన్స్ కోసం గొర్రె చెవికి నంబరు పోగు వేస్తారు. గొర్రె చస్తే ఆ పోగును చూపాలి, అప్పుడే డబ్బు. అంటే గొర్రెకు ఒక నంబరు, ఒక రికార్డు, ఒక కాగితం ఉన్నాయి. అన్నీ చావును రుజువు చెయ్యడానికే. అదే నంబరు పక్కన దాని తండ్రి నంబరు, మూడో నెల బరువు, నడుము కండ లోతు రాయడానికి ఇంకో మూడు గడులు పెడితే అది వంశావళి అవుతుంది. ఒగ్గు కథ చెప్పేవాళ్ళు మా గొర్లకాపరుల దేవుడు బీరప్ప కథ రాత్రంతా చెప్పగలరు. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం నుంచి చుక్క సత్తయ్య ఆ కథను ఢిల్లీ దాకా తీసుకుపోయాడు, సంగీత నాటక అకాడెమీ అవార్డు తెచ్చాడు. దేవుళ్ళ వంశాలు ఇంత వివరంగా గుర్తుపెట్టుకున్న కులం చేతికి గొర్ల వంశం రాసుకునే పుస్తకం ఒక్కటి కూడా ఎవరూ ఇవ్వలేదు.

పొట్టేలు గురించే మాట్లాడుతున్నాను గానీ ఆడ గొర్రె సంగతి తలచుకుంటే ఇంకా బాధ. కరువు నెలల్లో ఏది ఒట్టిది, ఏది చూడిది అన్నది తొలి రోజుల్లో కంటికి తెలియదు. మేత లేక అమ్మేస్తాం. కటికె దుకాణంలో కడుపు కోశాక లోపల పిల్ల. కవలలు కూడా. అమ్మినవాడు ఆ మాట విని ఆ పూట అన్నం తినడు. ఇది నేను పుస్తకంలో చదవలేదు, మా అక్క ఇంట్లో చూశాను. ఆస్ట్రేలియాలో, న్యూజిలండులో, బ్రిటన్‌లో ఈ పనికే స్కానింగ్ వాళ్ళు మందల వెంట తిరుగుతారు. మూడో నెల దగ్గరపడేసరికి పరీక్ష చేసి, ఒట్టివాటికి ఒక రంగు, ఒక పిల్ల ఉన్నవాటికి ఒకటి, కవలలున్నవాటికి ఇంకొకటి వీపు మీద చల్లుతారు. కవలల తల్లికి ఎక్కువ మేత, ఒట్టిది అంగడికి. కడుపుతో ఉన్నది కత్తి కిందికి పోదు.

ఇక్కడ ఒక చిక్కుందని నాకు తెలుసు. ఆడపిల్లలను కడుపులోనే చంపుతున్నారని 1994లో చట్టం వచ్చింది. 2003 నుంచి, కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పగల మిషనును రిజిస్టర్ కాని చోటికి అమ్మడమే నేరం. ఆ చట్టం ఉండాల్సిందే, ఇంకా గట్టిగా ఉండాల్సిందే. కానీ ఆ భయంతో గొర్రెకు కూడా తలుపు మూసుకోకూడదు. పశువుల డాక్టరుకు, లెక్కాపత్రంతో, తేలికగా దొరికే దారి ఉండాలి. మా దొడ్డిలో అయితే ఆడపిల్ల పుడితేనే పండుగ. మందకు నిలిచేది అదే కదా.

నాకు ఒక భయమూ ఉంది, దాచను. మిషను మనం అడిగిందే కొలుస్తుంది. స్కాట్లండువాళ్ళు పచ్చిక బీళ్ళలో మేసే బలిసిన టెక్సెల్ జాతి పొట్టేళ్ళను కొలుచుకున్నారు, నడుము, తొడ నిండాయా అని. అదే కొలత తెచ్చి మా నల్ల గొర్రెకు పెడితే ఓడిపోయేది మా గొర్రే. అది ఎండలో కోసుల కొద్దీ నడుస్తుంది, మోడు మేసి బతుకుతుంది, ఆ నడక స్కానులో కనపడదు. కాబట్టి చేతిని పక్కకు నెట్టి మిషనును తేకండి. నాయిన తల్లిని చూసి, నడక చూసి ఎంచిన పది పోతు పిల్లల్లో ఏ మూడు మేలో మిషను చెప్పాలి. ఆ క్రమం తిరగబడకూడదు.

నల్ల గొర్రె మీద పని జరగలేదని కాదు, మా దగ్గర జరగలేదు. మహారాష్ట్రలో సతారా జిల్లా ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవాళ్ళు ఇదే దక్కనీని తీసుకున్నారు. సుందర్‌బన్స్‌లోని చిన్న గరోల్ గొర్రెలో కవలలనిచ్చే జన్యువు ఉంటే దాన్ని దక్కనీలోకి తెచ్చారు. ఏ పొట్టేలుకు ఆ జన్యువుందో రక్తం పరీక్షించి ఎంచారు. దానికి నారి సువర్ణ అని పేరు పెట్టారు. లోపలి గుణాన్ని పరీక్షతో చూసి పొట్టేలును నిలబెట్టడం అంటే అదే. వాళ్ళు దక్కను పీఠభూమికి పడమటి కొసన ఉన్నారు, మేము తూర్పు కొసన. గొర్రె ఒకటే, గొంగడి ఒకటే.

గొంగడి అంటే గుర్తొచ్చింది. మా పక్కనే కడవెండి. 1946 జూలై 4న అక్కడ తుపాకీ గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డ. ఏటా ఆ రోజు నాయకులు వస్తారు, దండలు వేస్తారు, భుజాన గొంగడి కప్పించుకుని ఫొటో దిగుతారు. ఆ గొంగడి ఏ గొర్రె మీదిదో, ఆ గొర్రెలు మా ఊళ్ళో ఇంకా ఎన్ని మిగిలాయో అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఉన్నికి ధర లేదని, కండ లేదని నల్లవాటిని వదిలేసి తెల్లవాటిని కలిపేస్తూ వచ్చాం. కండ నిజంగా లేదా, ఉన్న కండను ఎవరూ కొలవలేదా? నాకైతే రెండోదే అనిపిస్తుంది.

మేము అడిగేది సీటీ బండి కాదు. ఆకాశానికి నిచ్చెన వెయ్యమనడం లేదు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే ఊరికొచ్చే సంచార పశువైద్య వాహనం ఉంది. అందులో చేతిలో పట్టే అల్ట్రాసౌండ్ ఒకటి, మోసుకుపోయే తక్కెడ ఒకటి పెట్టండి. నట్టల మందు తాపడానికి వచ్చిన రోజునే పోతు పిల్లల నడుములు చూడండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మా మూడు జిల్లాలకూ నడుమన. అక్కడి పిల్లలు చదువులో భాగంగా ఏటా కొన్ని మందలకు వచ్చి కొలిస్తే వాళ్ళకు పాఠం, మాకు పుస్తకం. మిషను ఒక్కటే వచ్చినా లాభం లేదు, ఇది కూడా చెప్పాలి. బ్రిటన్‌లో స్కానింగ్ అంకెలున్న పొట్టేలుకు అంగడిలో ధర ఎక్కువ పలుకుతుంది, అందుకే రైతు స్కానింగ్ చేయించుకుంటాడు. ఇక్కడ మేలైన పిల్లను బేరగాడికి ఇవ్వకుండా రెండు పండ్లు వేసేదాకా ఆపితే ఆ ధర పోయేది కాపరికి, లాభం పక్క మందలకు కూడా. ఇరవై గొర్రెలకు లారీ కిరాయి పెట్టిన చేతులు, ఊళ్ళోనే ఉన్న ఒక్క మంచి పొట్టేలును నిలిపినందుకు కాపరికి ఆ ధర కట్టివ్వలేవా?

నాయిన కడుపు నొప్పి మందులతో తగ్గింది. ఈసారి చెవుల్లేనిదాని కడుపున ఒక నల్ల పోతు పిల్ల పుట్టింది. మూడో నెల. మిగతావాటికన్నా వెడల్పు, చేటంత వీపు. నాయిన రోజూ పొద్దున దొడ్డి తడిక తియ్యకముందు దాన్ని మోకాళ్ళ నడుమ పట్టుకుని నడుము మీద చెయ్యి పెడతాడు. బేరగాడు ఇప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు, దానికి జత అక్కర్లేదు, ఒక్కదానికే జత ధర ఇస్తానన్నాడు. అమ్మకు కళ్ళ ఆపరేషన్ చేయించాలి. నిన్న ఫోన్లో నాయిన, "ఆ మిషను మన దిక్కు ఎప్పుడన్న వస్తదారా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. బేరగాడు సోమవారం మళ్ళీ వస్తానన్నాడట.